నాలుగు నల్ల పట్టీలు, ఒక కుట్టుసూది

సంపాదకులకు నమస్కారం.

పంక్ అనే తిరుగుబాటు రాక్ సంగీతం మోజులో వేయించుకునే పచ్చబొట్ల మాట వస్తే తిరుగుబాటా, ఫ్యాషనా అన్న చర్చ దగ్గరే ఆగిపోతున్నాం. ఇంట్లో కూర్చుని కుట్టుసూదితో పొడుచుకునే కుర్రాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

బ్లాక్ ఫ్లాగ్ (నల్ల జెండా) అనే పంక్ బృందం గుర్తునే తీసుకోండి. 1976లో కాలిఫోర్నియాలోని హెర్మోసా బీచ్‌లో మొదలైన బృందమది. గిటారిస్టు గ్రెగ్ గిన్ తమ్ముడు రేమండ్ పెటిబన్ వాళ్లకు నాలుగు నిలువు నల్ల పట్టీలు గీసిచ్చాడు. ఎగుడుదిగుడుగా ఉంటేనే అది గాలికి ఊగే జెండా. నాలుగూ ఒకే వరుసలో పెడితే బార్‌కోడ్!

చిన్నపిల్లలైనా గీసేస్తారనిపించే ఈ బొమ్మ, మెషిన్ లేకుండా చేత్తో పొడిచేవాళ్లకు మాత్రం చుక్కలు చూపిస్తుంది. అంచు గీతకు మూడు సూదుల గుత్తి చాలు. లోపల నలుపు నింపడానికి ఏడో తొమ్మిదో ఉన్న గుత్తి కావాలి. ఒంటి సూదితో నింపబోతే మధ్యమధ్య ఖాళీలు మిగులుతాయి. వాటిని కప్పాలని పొడిచినచోటే మళ్లీ మళ్లీ పొడుస్తారు. చర్మం చితికి, మానాక గట్టిపడి ఉబ్బుతుంది. మొదటిసారి పలచగా వచ్చినా అక్కడితో ఆపి, ఐదారు వారాల తర్వాత రెండోసారి నింపుకోవాలి.

సూది దిగాల్సింది ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. పైపైన పెడితే పొట్టుతో పాటే ఇంకు రాలిపోతుంది. మరీ లోతుకు దిగితే కింది కొవ్వులోకి పాకి, అంచు నీలంగా అలుక్కుపోతుంది. రెండో చేత్తో చర్మాన్ని బిగలాగి పట్టి, సూదిని ఏటవాలుగా దించాలి. రక్తం బాగా వస్తోందంటే లోతు ఎక్కువైందన్నమాట.

సూది మొనకు కాస్త పైన దారం చుట్టడం పాత చిట్కా. ఇంకు నిలుస్తుంది, లోతూ అదుపులో ఉంటుంది. కానీ ఆ దారం రక్తాన్నీ పీల్చుకుంటుంది. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. అదే సూది స్నేహితుడి చేతికి మారితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. లైటర్ మంటలో కాలిస్తే మసి పడుతుంది, అదీ చర్మంలోకే పోతుంది. నీళ్లలో మరిగించినా సరిపోదు. సీలు వేసి వచ్చే, ఒక్కసారి వాడి పారేసే టాటూ సూది కొనడం వీటన్నిటికంటే తేలిక.

ఇంకు సంగతి మరీ ముఖ్యం. స్టేషనరీ కొట్లో దొరికే నల్ల డ్రాయింగ్ ఇంకులో లక్క ఉండొచ్చు, అది కాగితానికి చేసింది. అసలు టాటూ ఇంకునైనా కుళాయి నీళ్లతో పలచన చేయకూడదు. 2011లో అమెరికాలోని రోచెస్టర్‌లో, ముందే నీళ్లు కలిపి అమ్మిన బూడిదరంగు ఇంకు వల్ల 19 మందికి ఇన్ఫెక్షన్ సోకింది. కారణం నీళ్లలో బతికే మైకోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు. ఇలాంటప్పుడు ఎర్ర పొక్కులు వెంటనే కాదు, ఒకటి నుంచి మూడు వారాలకు లేస్తాయి. మామూలు యాంటీబయాటిక్‌లకు తగ్గవు. దురదమందు రాసుకుంటూ కూర్చోక చర్మవైద్యులకు చూపించి, పచ్చబొట్టు సంగతి దాచకుండా చెప్పాలి.

నిషేధించమనే పెద్దలకు ఒక మాట. హెపటైటిస్ భయంతో న్యూయార్క్ నగరం 1961 నుంచి 1997 దాకా టాటూలను నిషేధించింది. పని ఆగలేదు, గుట్టుగా ఇళ్లలోకి చేరింది. మన ఊళ్లలో పచ్చబొట్లు పొడిచిందీ యంత్రం లేకుండానే కదా.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: మొదటిది వేయించుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చిన్నప్పుడు వేయించుకోనివాళ్లు ఆ పని ముగించాకే సూది పట్టాలి.

ఒక టాటూ కళాకారుడు, హైదరాబాద్