పాత అంగీ ఇచ్చి స్టీల్ గిన్నె తెచ్చుకునుడు ఆపుండ్రి

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ పేపర్ల మహిళా సంఘాల కుట్టు ట్రైనింగ్ గురించి వచ్చింది కదా, అది చదివినంక రాయాలనిపించింది. మాది హన్మకొండ, 20 ఏండ్ల సంది ఇంట్లనే మిషిని కుడుతున్న. ట్రైనింగ్ల ఫస్ట్ పేపర్ మీద కటింగ్ నేర్పిస్తరు (మీ పేపర్లు నేను ఎన్ని కత్తిరించిన్నో లెక్కలేదు, ఏమనుకోకుండ్రి), తర్వాత సీదా కొత్త బట్ట కొనుక్కరమ్మంటరు. చంక ఒక్కటి తప్పు కోస్తే మీటర్ బట్ట ఖరాబ్, గందుకే చానమంది భయపడి నడుమల్నే మానేస్తరు. పేపర్‌కు కొత్త బట్టకు నడుమ ఇంట్ల మొగోళ్ల పాత అంగీ ఉంటది కదా, దాంతోని చిన్నపిల్లల గౌను ఎందుకు నేర్పియ్యరు?

అంగీ చిరిగేది కాలర్ కాడ, కఫ్‌ల కాడ, చంకల కాడ. వీపు ముక్క కొత్త లెక్కనే ఉంటది. 40 సైజ్ అంగీల మూడేండ్ల పిల్లకు 20 ఇంచుల గౌను ఆరాంగ ఎల్తది. అసలు లాభం ఏందంటే గుండీల పట్టీ రెడీగ ఉంటది, దాన్ని ఎనుకకు తిప్పుకుంటే కాజాలు తీసుడు లేదు జిప్ లేదు, కింద మడత గూడ కుట్టే ఉంటది, పొడుగు మాత్రం పైనుంచే కోసుకోవాలె. చేతులల్ల ఏటవాలుగ క్రాస్ పట్టీలు తీస్తే మెడ అంచుకు పైపింగ్ అయితది, మిగిలితే బుగ్గ చేతులు.

నేను మొదటిది కుట్టినప్పుడు జేబు సంగతే మర్చిపోయిన, గుండీలు ఎనుకకు తిప్పేసరికి జేబు పోయి పిల్ల వీపు మీద కూసుంది, మా ఆడబిడ్డ ఇప్పటికీ నవ్వుతది. ఇప్పదీస్తే ఏమాయె, చుట్టు రంగు ఎలిసిపోయి జేబు కింద మాత్రం ముదురుగ, అచ్చు కొట్టినట్టు! అప్పటి సంది జేబున్న అంగీ అయితే గుండీలు ముందటికే ఉంచుత, పోరగాళ్లు దాంట్ల పల్లీలు పోసుకుంటరు.

టెరికాట్ (పాలిస్టర్ కలిసిన బట్ట) అయితే వద్దే వద్దు, మన ఓరుగల్లు ఎండలకు చెమటకాయలు లేస్తయి. కాటన్‌దైనా వెలుతురుకు పట్టి చూసి పలచగైన కాడ వదిలెయ్యాలె.

గరీబోళ్ల లెక్క పాతవి తొడుగుడేందని అనేటోళ్లు ఉన్నరు. పుట్టిన బిడ్డకు మెత్తగ ఉంటదని మొదలు పాత బట్టనే కదా సుట్టేది, అప్పుడు లేని నామోషీ మూడేండ్లకు ఎక్కడికెల్లి వచ్చింది? ఆజంజాహి బట్టల మిల్లు నడిచిన ఊరోళ్లం, ఎనుమాముల మార్కెట్ల పత్తి బండ్లు సూసుకుంట పెరిగినోళ్లం, నాలుగు అంగీలు రెండు ప్యాంట్లు గల్లీల కొచ్చినాయనకు ఇచ్చి అరచేతంత గిన్నె తెచ్చుకుంటున్నం.

ట్రైనింగ్ పెట్టేటోళ్లు ఒక్క వారం దీనికిచ్చి, వచ్చేటప్పుడు ఇంట్లకెల్లి పాత అంగీ ఒకటి పట్టుకరమ్మని చెప్తే చాలు. తప్పు కోసినా మసిగుడ్డకన్న అయితది.

— ఒక పాఠకురాలు, హన్మకొండ