ఐదో కాంటూరు గీత గురించి నాన్నగారికి

ఎన్‌స్కెడే, నెదర్లాండ్స్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

మన చేను కొల్లేరు ప్లస్ 5 కాంటూరుకు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీతకు, లోపల పడుతుందో వెలుపల పడుతుందో కంప్యూటరులో గీసి పంపమని మీరు అడిగిన నాటి నుంచి సాయంత్రాలన్నీ ఆ పని మీదే కూర్చుంటున్నాను. గీత గీయడానికి గంట పట్టింది. అయినా దానిని మీకు పంపడం లేదు. ఎందుకు పంపడం లేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను చదువుకుంటున్న సంస్థలోనే ఇల్విస్ అనే పటాల సాఫ్ట్‌వేరు పుట్టింది. 2007లో దానిని సోర్స్ కోడుతో సహా అందరికీ ఉచితంగా విడిచిపెట్టారు. నేను ఎక్కువగా వాడేది మాత్రం 2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన క్యూజిస్. డబ్బు కట్టనక్కరలేదన్నది అలా ఉంచండి, లెక్క ఏ సూత్రంతో వేశారో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. గుడి జమాఖర్చుల పుస్తకం అరుగు మీద పెట్టినట్టు.

చిక్కు సాఫ్ట్‌వేరులో లేదు, దానికి మనం అందించే కొలతల్లో ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజులు తిరుగుతూ రాడారుతో కొలిచిన నేల ఎత్తులు ఉచితంగానే దొరుకుతాయి. కానీ అవి పూర్తి మీటర్లలో ఉంటాయి. వాటిలో 16 మీటర్ల దాకా తేడా ఉండవచ్చని ముందే పెట్టుకున్న హద్దు. నిజానికి అంతకంటే మేలుగానే వచ్చాయి, కానీ మనకు కావలసిన 5 అడుగులంటే మీటరున్నర మాత్రమే. పైగా గట్టు మీది కొబ్బరి చెట్టు తల కూడా రాడారుకు నేలలాగే తోస్తుంది. ఇంత ఉన్నా, మీటరున్నర గీత గీయమంటే కంప్యూటరు ఏమాత్రం సందేహించకుండా నున్నని గీత గీసి చేతిలో పెడుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన 308 చదరపు కిలోమీటర్ల హద్దు ఆ కాంటూరే కాబట్టి, అటువంటి గీతను పట్టుకుని మీరు ఏ కార్యాలయం మెట్లు ఎక్కినా నాకు నిద్ర పట్టదు.

నీరు ఎక్కడిదాకా వచ్చిందో మాత్రం చెప్పగలను. యూరప్ వారి సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల ముక్క విడిగా కనిపిస్తుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది, ఆకుపచ్చ కాంతిని కొంత తిప్పి పంపుతుంది. ఆ రెండింటి తేడాను బట్టి నీటిని గుర్తిస్తాము. అయితే గుర్రపుడెక్క కప్పేసిన చోట సరస్సు కూడా పచ్చని చేనుగా తేలుతుంది. చేపల చెరువులూ నీళ్లే కనుక, తిన్నని గట్లను చూసి వాటిని నేను చేత్తో వేరుచేస్తున్నాను.

కనుక సర్వేయరును పిలిపించి, బెంచ్ మార్కు (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి మన చేను నాలుగు మూలలకూ లెవెల్ మిషనుతో ఎత్తులు తీయించండి. గ్రామ పటాన్ని స్కాన్ చేయించి చెల్లి చేత పంపిస్తే, సర్వే రాళ్ల ఆనవాళ్లతో దానిని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టి, ఆ ఎత్తులను అందులో రాసి పంపుతాను. రాళ్లలో ఏవి కదిలాయో ఎరిగినవారు మీరే కాబట్టి వాటి పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టండి.

అమ్మకు నా నమస్కారాలు.

మీ కుమారుడు