ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల సహాయ నిధి: 2024 సెప్టెంబరు నుంచి 2025 అక్టోబరు వరకు జమా ఖర్చుల వివరణ

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా, 2025 నవంబరు

దాతలకు, మిత్రులకు నమస్కారం.

వినాయక చవితికల్లా ఇస్తామన్న లెక్కలు దీపావళి దాటాక ఇస్తున్నాం. ఆలస్యం మాదే, ఒప్పుకుంటున్నాం. కోశాధికారి గారి అమ్మగారికి ఆపరేషన్ అయి ఆయన ఐదు వారాలు హైదరాబాద్‌లో ఉన్నారు. దానికి తోడు ఒక పద్దు అక్టోబరు దాకా తేలలేదు. ఈలోపు వాట్సాప్‌లో "లెక్క అడిగితే మొహం చాటేస్తున్నారు" అన్న మాట బాగా తిరిగింది. రోజూ లైబ్రరీలోనో, ఇండియన్ షాపులోనో ఎదురుపడేవాళ్ళం, మొహం ఎక్కడ చాటేస్తాం?

ఈ నిధి ఎందుకో కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క. ఒలోనీ, డి ఆంజా, లాస్ పొసిటాస్ లాంటి కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ళు చదివి, మూడో ఏడాదికి యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) సీఎస్‌యూకో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) మారే పిల్లలకు సాయం చేయడానికి 2024 వినాయక చవితి పందిట్లో మొదలుపెట్టాం. కాలిఫోర్నియా వాసులకు యూనిట్ 46 డాలర్లకే దొరికే చదువు ఇది. 1960 నాటి రాష్ట్ర ఉన్నత విద్య మాస్టర్ ప్లాన్‌లోనే వేసిన దారి. అయినా మనవాళ్ళలో కొందరు "మావాడు ఒలోనీలో" అని చెప్పాల్సివస్తే ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు.

జమ

41 కుటుంబాల విరాళాలు: 29 కుటుంబాలు 116 చొప్పున, 9 కుటుంబాలు 216 చొప్పున, 3 కుటుంబాలు 516 చొప్పున, మొత్తం 6,856 డాలర్లు.
ఉగాది దోసెల స్టాలు: అమ్మకం 2,310, సరుకులకూ గ్యాసుకూ 824 పోగా 1,486.
కంపెనీల మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ జోడించేది), మన సంఘం ఖాతా ద్వారా: 800. ఇంకో 400 రావాలి.
విద్యార్థిని తిరిగి కట్టింది: 500. దీని సంగతి కింద ఉంది.
మొత్తం జమ 9,642 డాలర్లు.

దోసెల స్టాలు దగ్గర మధ్యాహ్నం రెండింటికి పిండి అయిపోతే, ఇంటికి పరుగెత్తి తమ ఆదివారం పిండి గిన్నెతో సహా తెచ్చిచ్చిన అక్కయ్యకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. గిన్నె ఇంకా మా దగ్గరే ఉంది.

పందిట్లో మాట ఇచ్చిన కుటుంబాలు 54. ఇచ్చినవి 41. మిగతా 13 కుటుంబాల నుంచి 1,508 డాలర్లు రావాలి. పేర్లు రాయం. మైకులో పేరు చదివినప్పుడు చప్పట్లు మాత్రం అందరికీ కొట్టాం. ఒక అన్నగారైతే చెక్కు కారులోనే ఉందని ఏడాదిగా చెబుతున్నారు.

ఖర్చు

అప్లికేషన్ ఫీజులు: 2,560.
ట్రాన్స్‌క్రిప్టులు పంపడానికి: 187.
ఎనిమిది మందికి పుస్తకాలు, ఆన్‌లైన్ హోంవర్క్ కోడ్లు: 1,342. పాత పుస్తకాలు కొనొచ్చు కదా అన్నారు. పుస్తకం పాతది దొరుకుతుంది, కోడ్ దొరకదు. ఒకసారి వాడితే అయిపోయినట్టే.
పిల్లలకు యూనివర్సిటీలు చూపించడానికి వ్యాన్ అద్దె, పెట్రోలు: 404.
మూడు శనివారాల సలహా తరగతులు: 155. అందులో 61 ప్రింట్లకు, 94 భోజనానికీ చిన్న కానుకకూ. రిటైరైన కౌన్సెలర్ ఒకావిడ పైసా తీసుకోకుండా వచ్చి చెప్పారు. ఆవిడ ప్రతి పిల్లవాడితోనూ ముందు అసిస్ట్ వెబ్‌సైటులోంచి తన కాలేజీ, తను కోరే యూనివర్సిటీ కలిపి షీట్ తీయించారు. ఇక్కడ చదివిన ఏ కోర్సు అక్కడ దేనికి చెల్లుతుందో అందులో ఉంటుంది. ఏడాదిన్నర చదివాక, తన ఫిజిక్స్ తను కోరిన మేజర్‌కు పనికిరాదని ఒక పిల్లవాడు ఆ షీట్ చూసేదాకా తెలుసుకోలేదు.
దూరం వెళ్ళిన ఐదుగురికి మొదటి నెల సరుకులకు 150 చొప్పున: 750.
డేవిస్ గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె: 1,960.
బ్యాంకు ఖర్చు: 12.
మొత్తం ఖర్చు 7,370. నిల్వ 2,272 డాలర్లు. అక్టోబరు 31 నాటి బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోయింది.

వ్యాన్ గురించి: బర్క్‌లీ పక్కనే ఉండగా మెర్సెడ్ దాకా ఎందుకు తిప్పారని అడిగారు. అర్హతలు ముందే తీరిస్తే ట్రాన్స్‌ఫర్ సీటు ఖాయమని మాట ఇచ్చే టాగ్ ఒప్పందం ఆరు యూసీల్లోనే ఉంది: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్క్‌లీ, లాస్ ఏంజెలస్, శాన్ డియాగోల్లో లేదు. టాగ్ అర్జీ సెప్టెంబరు నెలలోనే పెట్టాలి. అందుకే ఆ నెలలోనే డేవిస్, మెర్సెడ్ చూపించాం. బర్క్‌లీ చూడాలంటే బార్ట్ రైలు ఎక్కి ఎవరికి వారే వెళ్ళి రావచ్చు.

అప్లికేషన్ ఫీజుల మీద ఒక విమర్శ ఉంది, అందులో సగం న్యాయమే. ఫీజులు కట్టిన పదకొండు మందిలో ముగ్గురు హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవాళ్ళు. వాళ్ళకు యూసీ ఫీజు క్యాంపస్‌కు 95, మిగతావాళ్ళకు 80. ఫీజు మాఫీ వాళ్ళకు వర్తించదు, ఫెడరల్ సాయం అసలే రాదు. ఒక్కొక్కరికి నాలుగు యూసీలు, రెండు సీఎస్‌యూలు కలిపి 520 అయింది. ముగ్గురికీ 1,560. "వాళ్ళ నాన్నలవి ఐటీ జీతాలు కదా" అన్నారు. ఒకాయన ఉద్యోగం పోయి, వీసా ఇచ్చే అరవై రోజుల గడువు లెక్కపెట్టుకుంటూ ఉన్నారు. ఆయన విషయంలో మాకు అనుమానం లేదు. మిగతా ఇద్దరి ఇళ్ళ పరిస్థితి అడగడానికి మేమే మొహమాటపడ్డాం. వచ్చే ఏడాది అందరినీ అడుగుతాం. ఆ ముగ్గురిలోనే ఒక అబ్బాయి జనవరిలో మార్కులు అప్‌డేట్ చేయడం మర్చిపోయాడు. నాలుగు యూసీ అప్లికేషన్లూ, 380 డాలర్లూ నీళ్ళలో పోశాం. ఆ నెలాఖరుదాకా గుర్తుచేసే బాధ్యత మాలో ఒకరు తీసుకోవలసింది, తీసుకోలేదు. అబ్బాయి శాన్‌హోజే స్టేట్‌లో చేరాడు, బాగానే ఉన్నాడు.

ఇక అందరూ అడుగుతున్న 1,960 డాలర్లు, డేవిస్‌లో చేరిన ఒక అమ్మాయి గదికి ఇచ్చినవి.

ఆ అమ్మాయిది తెలుగు కుటుంబం కాదు. ఇక్కడి అఫ్గాన్ కుటుంబం. తండ్రి రాత్రిళ్ళు ట్యాక్సీ నడుపుతారు, తల్లి వృద్ధుల కేర్ హోమ్‌లో పని చేస్తారు. మన పిల్లలు నలుగురికి లైబ్రరీలో స్టాటిస్టిక్స్ చెప్పింది ఈ అమ్మాయే. ఉగాది స్టాలులో పొద్దుటి నుంచి చట్నీ కప్పులు నింపింది కూడా తనే. మీలో చాలామంది అందుకున్నారు.

"ట్యూషన్ మాఫీ అయిందట కదా, మళ్ళీ డబ్బెందుకు?" అన్నది మొదటి ప్రశ్న. నిజమే. కుటుంబ ఆదాయం ఒక హద్దు లోపు ఉన్న కాలిఫోర్నియా పిల్లలకు యూసీలో బ్లూ అండ్ గోల్డ్ పథకం కింద ట్యూషన్ పడదు. అద్దె పడుతుంది. డేవిస్‌లో అద్దె ఒప్పందాలు ఎక్కువగా సెప్టెంబరు 1న మొదలవుతాయి. తరగతులు మొదలయ్యేది ఆ నెల నాలుగో వారంలో. గ్రాంటు డబ్బేమో తరగతులకు పది రోజుల ముందు కంటే ముందుగా చేతికివ్వకూడదని ఫెడరల్ రూలు. అంటే సీటు ఉంది, ఫీజు లేదు, గ్రాంటు మంజూరైంది, తాళం చెవి మాత్రం రాదు. ఆ మధ్యలో అడ్వాన్సూ మొదటి అద్దే ఎవరో ఒకరు పెట్టాలి. యూనివర్సిటీ హాస్టల్‌లో చేరొచ్చు కదా అన్నారు. అక్కడ గదితో పాటు భోజనం ప్లాన్ కూడా కట్టాలి. ఆ అమ్మాయి పేపరు మీద పన్నెండు నెలలకూ లెక్క వేసి చూపించింది, ముగ్గురితో కలిసి ఉండే గదే చవక.

మన కరపత్రంలో "అప్లికేషన్ ఫీజులు, పుస్తకాలు" అని మాత్రమే ఉంది, ఇది దాటి ఖర్చు పెట్టాం. నిజం. సరుకులకిచ్చిన 750 కూడా కరపత్రంలో లేదు, దాని గురించి ఎవరూ అడగలేదు.

నిర్ణయం ఎలా జరిగిందో కూడా చెప్తాం. జూలైలో అడిగింది. ఏడుగురిలో ముగ్గురం ఇండియాలో ఉన్నాం. ఆ కుటుంబం ఉండేది కోశాధికారి గారి అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే, కాబట్టి ఆయన ఓటు వేయనన్నారు. "కోశాధికారి పక్కింటివాళ్ళు" అని చెవులు కొరుక్కుంటున్నవాళ్ళకు ఇది జవాబు. మిగిలినవాళ్ళం ఇక్కడ పగలు, అక్కడ రాత్రి అంటూ తొమ్మిది రోజులు మెసేజ్‌లు పెట్టుకున్నాం. మినిట్స్ రాయలేదు, ఆ మెసేజ్‌లే ఉన్నాయి. చివరికి ఐదుగురు సరే అన్నారు, ఒకరు వద్దన్నారు. వద్దన్న సభ్యుడు తన మాట రాయమన్నారు: "ఫీజుకు హద్దు ఉంటుంది, అద్దెకు హద్దు లేదు. ఒకరికి ఇస్తే పదిమంది అడుగుతారు." ఆయన భయం మాకూ ఉంది. ఆయనే ఈ కాగితం మీద సంతకం కూడా పెట్టారు.

ఆ తొమ్మిది రోజుల్లో ఆమె చూసుకున్న 870 డాలర్ల గది వేరేవాళ్ళకు పోయింది. తర్వాత దొరికింది 980. నెలకు 110 ఎక్కువ, ఏడాదికి 1,320. ఇది కూడా ఎవరూ మమ్మల్ని అడగని లెక్కే.

అడ్వాన్సు 980, మొదటి అద్దె 980. హైదరాబాద్‌లోలా రెండు మూడు నెలల అడ్వాన్సు కాదు. 2024 జూలై నుంచి ఇక్కడ మామూలుగా నెల అద్దెకు మించి అడ్వాన్సు అడగకూడదు. నగదు ఇవ్వలేదు, ఇంటివాళ్ళ పేర బ్యాంకులో క్యాషియర్ చెక్కు తీయించాం. ఆ రోజు వాళ్ళ నాన్నగారు రాత్రి డ్యూటీ దిగి నేరుగా బ్యాంకుకు వచ్చారు. జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన ఇరవైల కట్ట తీసి కౌంటర్ మీద పెట్టారు. 300 డాలర్లు. కోశాధికారి గారు ఆ కట్టను అమ్మాయి చేతిలో పెట్టి, బియ్యానికి ఉంచుకోమన్నారు. జమలో 300 లేదేమని ఎవరైనా అడిగితే, తీసుకోలేదు గనుక లేదు.

మొదటి అద్దె 980 అప్పు కిందే ఇచ్చాం. గ్రాంటు వచ్చాక అక్టోబరులో 500 కట్టింది. పైన జమలో ఉన్నది అదే. మిగతా 480 జనవరిలో, వింటర్ క్వార్టర్ డబ్బు పడ్డాక కడతానంది. అడ్వాన్సు వచ్చే ఆగస్టులో ఖాళీ చేశాక తిరిగి వస్తే నిధికే జమ చేస్తానని రాసిచ్చింది. గోడకు మేకులు కొట్టవద్దని మాత్రం చెప్పాం.

వచ్చే ఏడాది ఇలాంటి అద్దె సాయానికి 2,000 పక్కన పెట్టాలా, ఇస్తే అప్పుగానా ఊరికేనా, ఎంతవరకు అన్నది సంక్రాంతి సమావేశంలో మీరే తేల్చండి. కరపత్రం దాని ప్రకారం మారుస్తాం.

రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆ తొమ్మిది రోజుల మెసేజ్‌ల ప్రింటు ఒక ఫైలులో పెట్టాం. వచ్చే శనివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా లైబ్రరీ మీటింగ్ రూములో ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఆ 13 కుటుంబాలవాళ్ళు వస్తే చెక్కుబుక్కు కూడా తెచ్చుకోండి. పిండి గిన్నె కూడా అక్కడే ఉంటుంది.

ఇట్లు,
కమిటీ సభ్యులు ఏడుగురు