ఖార్కివ్ మెట్రోలో కలిసిన పెద్దావిడకి

ఆంటీ, మీ పేరు అడగనే లేదు. మీరు ఇది చదవరనీ తెలుసు, అయినా నలుగురి ముందు థాంక్స్ చెప్పాలనిపించింది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక ఖార్కివ్‌లో మెట్రో స్టేషన్లే జనానికి ఇళ్లయిపోయాయి, ఆగిపోయిన రైలు పెట్టెల్లో పిల్లలూ ముసలివాళ్లూ పిల్లులూ కుక్కలూ అందరూ అక్కడే పడుకునేవాళ్లు. మెడిసిన్ చదవడానికి వెళ్లిన మాకు సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో ఏం తెలుసు? టెన్షన్‌తో చచ్చిపోయేవాళ్లం. వచ్చీరాని ఇంగ్లిష్‌లో, సగం సైగలతో, బయటికీ మనకీ మధ్య రెండు గోడలు ఉండాలని నేర్పింది మీరే: మొదటి గోడ పేలుడు దెబ్బ తింటుంది, రెండోది ఎగిరొచ్చే గాజుపెంకుల్ని ఆపుతుంది. కుళాయి వస్తున్నప్పుడే బాత్‌టబ్ నింపుకోమన్నారు. కర్ఫ్యూ లేని గంటల్లో షాపు క్యూలో నిలబడి, దొరికిన కాస్త రొట్టెలోనే (మీ మనవడు ఆకలిగా చూస్తున్నా సరే) మాకూ పెట్టారు.

మార్చి 2న, వెంటనే ఊరు వదలండి, సాయంత్రం 6 లోపు పిసోచిన్ లాంటి పక్క ఊళ్లకి చేరండి, బండి దొరక్కపోతే నడిచైనా వెళ్లండి అని మన ఎంబసీ చెప్పినప్పుడు పిసోచిన్ ఎటువైపో కాగితం మీద గీసిచ్చిందీ మీరే. అందరం చేరాం ఆంటీ, ఇప్పుడు ఇళ్లలోనే ఉన్నాం. మా అమ్మ కూడా మీకు నమస్కారం చెప్పమంది.