బైపీసీ వైపు వెళ్ళే పిల్లల హాబీలు: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అమ్మాయిని డాక్టరు చేయాలనుకుంటున్నాం. మృదంగం క్లాసు ఇక మాన్పించాలా?" మాన్పించకండి. అలాగని దానివల్ల సీటు వస్తుందని కూడా అనుకోకండి. ఈ రెండు మాటలూ విడివిడిగా అర్థం చేసుకుంటేనే పిల్లల సమయం వృథా కాదు.

మన దగ్గర ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకుతోనే. 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. అందులో 90 ప్రశ్నలు జీవశాస్త్రానివి. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. బొమ్మ చెక్కినందుకు అర మార్కు కూడా కలవదు. మన రాష్ట్ర కౌన్సెలింగ్‌ను విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ నడుపుతుంది. అందులో క్రీడలకు, ఎన్‌సీసీకి విడిగా కోటా ఉంది. అక్కడ కూడా ఆడామంటే చాలదు. ఏ స్థాయి పోటీ, సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారు అన్నవి చూసి ప్రాధాన్యం నిర్ణయిస్తారు. కాలనీ టోర్నమెంట్ కప్పులు, డబ్బు కడితే ఇచ్చే "రికార్డు" పతకాలు దానికి పనికిరావు. ఎన్‌సీసీలో బడి స్థాయిలో రెండేళ్ళు పూర్తిచేసి రాసేది 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష. ఇంటర్‌లో చేరాక 'బీ'కి మళ్ళీ రెండేళ్ళు కావాలి. పరేడ్ హాజరు తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు. ఎనిమిదిలో చేరి తొమ్మిదిలో ట్యూషన్ కోసం మానేసిన పిల్లల చేతిలో చివరికి ఏ కాగితమూ ఉండదు. మొదలుపెట్టే ముందే ఇది ఆలోచించండి.

విదేశాల లెక్క వేరు. అమెరికాలో డిగ్రీ అయ్యాకే మెడిసిన్. అక్కడి ఉమ్మడి దరఖాస్తులో చేసిన పనులు 15 వరకు రాయవచ్చు. ఒక్కోదానికి 700 అక్షరాలు, ఎన్ని గంటలు చేశారో, ఎవరిని అడిగితే చెబుతారో కూడా రాయాలి. వాటిలో అతి ముఖ్యమైన మూడింటికి మరో 1325 అక్షరాలు ఇస్తారు. హాబీలకు ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది. బడిలో మొదలైనదైతే, కాలేజీలోనూ సాగితేనే అక్కడ విలువ. బడిలోనే ఆగిపోయినది చెప్పుకున్నా బరువు తూగదు. బ్రిటన్‌లో ఇంటర్ స్థాయి తర్వాత నేరుగా చేరవచ్చు. మెడిసిన్ దరఖాస్తుకు గడువు అక్టోబర్ 15. మొత్తం 4000 అక్షరాల్లో మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. మూడో ప్రశ్న చదువు బయట చేసిన పనుల గురించే, అవి ఎందుకు పనికొస్తాయో కూడా చెప్పమంటుంది. ఇంటర్వ్యూలో చాలా కాలేజీలు అభ్యర్థిని చిన్న చిన్న గదులు తిప్పుతాయి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు. అక్కడ "నీ హాబీ ఏమిటి" అన్నది సులువైన ప్రశ్న. "అందులో ఏది చెడింది, ఎందుకు చెడింది, తర్వాత ఏం మార్చావు" అన్నది అసలు ప్రశ్న. రెండు వారాల వేసవి శిబిరంలో దీనికి జవాబు దొరకదు.

ఇక ఏ హాబీ అన్న సంగతి. మన చుట్టుపక్కలే దొరికే నాలుగింటి గురించి చెబుతాను.

మొదటిది కొయ్యచెక్కడం. కొండపల్లి మన పక్కనే ఉంది. అక్కడి బొమ్మకు వాడేది తెల్లపొణికి. తేలిక, మెత్తన, ఉలికి సులువుగా లొంగే కర్ర. కర్రలో తేమ పోయేదాకా ఆరబెడతారు. ఒళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆకురాయితో నున్నగా చేసి, సున్నం పూసి, ఆరాక రంగు వేస్తారు. పిల్లలు చేసే తప్పులు సాధారణంగా మూడు. కర్ర ఆరకముందే రంగు వేస్తారు, నెల తిరిగేసరికి అతుకుల దగ్గర బీటలు వస్తాయి. పీచుకు ఎదురు చెక్కుతారు, పెచ్చు లేచి ముక్క ఊడిపోతుంది. పట్టుకున్న చేతిని ఉలి ముందు పెడతారు, ఇది అన్నిటికంటే ప్రమాదం. అందుకే ఎనిమిదో తరగతి వాళ్ళకు మొదట ఒంటిసబ్బు, ప్లాస్టిక్ కత్తి ఇవ్వండి. సబ్బును కాగితం విప్పి రెండు రోజులు గాలికి ఉంచితే పొరలు ఊడకుండా తెగుతుంది. ముందు 2 సెంటీమీటర్ల ఘనం, తర్వాత గోళం, ఆ తర్వాత దవడపన్ను. ప్రతిదాన్నీ స్కేలుతో కొలిచి తేడా రాయాలి. ఇది పిల్లల ఆటగా కనిపించవచ్చు కానీ కెనడాలో దంతవైద్య ప్రవేశ పరీక్షలో చాలా ఏళ్ళు సబ్బు ముక్క చెక్కడం ఒక భాగంగానే ఉండేది.

రెండోది పక్షుల లెక్క. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లో పెలికాన్లు, అంటే మన గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు అనే పెద్ద కొంగలు గూళ్ళు కడతాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య వెళ్ళండి. బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది) చాలు. పదిరెట్లది కొంటే పిల్లల చేతి వణుకు కూడా పదిరెట్లు కనిపిస్తుంది, పక్షి నిలవదు. పుస్తకంలో మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, నడిచిన దూరం, పక్షి పేరు, సంఖ్య ఉండాలి. "చాలా ఉన్నాయి" అని రాయకూడదు. గుంపులో పదింటిని లెక్కించి, ఆ పది ఎంత చోటు పట్టాయో కంటితో కొలిచి, మొత్తం గుంపు మీద ఆ కొలతను జరుపుకుంటూ వెళ్ళాలి. చెరువు చుట్టూ తిరుగుతూ లెక్కిస్తే ఎగిరి అవతల వాలిన పక్షే రెండుసార్లు వస్తుంది. కాబట్టి ఒకచోట నిలబడి 15 నిమిషాలు చూడటం మేలు. తెల్లకొంగల్లో తికమక మామూలే. నల్లముక్కు, పసుపు పాదాలు ఉంటే చిన్న కొంగ. ముక్కు పసుపైతే అది వేరే జాతి కావచ్చు, ఫోటో తీసి తర్వాత తేల్చుకోవాలి. పక్షులు ఎగరడం చూడాలని చప్పట్లు కొట్టనివ్వకండి, గూళ్ళలోని గుడ్లు, పిల్లలు కింద పడతాయి. లెక్కలను ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే తేదీలతో సహా ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ఏ సర్టిఫికెట్ కన్నా ఆ రికార్డు గట్టిది.

మూడోది మృదంగం. సాధన గంటలతో పాటు వాద్యం నిర్వహణ కూడా నేర్పించమని గురువులను అడగండి. ఎడమ వైపు తోలు ముఖానికి, అంటే తొప్పికి, బొంబాయి రవ్వ నీళ్ళతో ముద్దచేసి మధ్యలో అద్దుతారు. ముద్ద ఎండేకొద్దీ ఆ బరువైన నాదం పోతుంది, కచేరీ మధ్యలో తడి అద్దాల్సి వస్తుంది. వాయించాక గీకి తుడవకపోతే తోలు పాడవుతుంది, చీమలు పడతాయి. నాదంలో తేడాను చెవి పట్టుకోవడం వైద్యానికి కొత్త కాదు. 1761లో ఛాతీ మీద వేళ్ళతో తట్టి జబ్బు కనిపెట్టే పద్ధతిని పుస్తకంగా రాసిన ఆస్ట్రియా వైద్యుడు ఔవెన్‌బ్రుగ్గర్ తండ్రిది పూటకూళ్ళ సత్రం. పీపాలో సరుకు ఎంత ఉందో తట్టి తెలుసుకోవడం అక్కడ మామూలు పని. 1816లో స్టెతస్కోప్ చేసిన ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ వేణువు వాయించేవాడు, కొయ్య పని కూడా వచ్చు. మొదట కాగితం చుట్టి విన్నాడు, తర్వాత కొయ్య గొట్టం చేసుకున్నాడు.

నాలుగోది వంటింట్లోనే ఉంది, ఖర్చు లేదు. మినప్పప్పు ఒక వంతు, ఇడ్లీ రవ్వ రెండు వంతులు కలిపిన పిండిని నాలుగు గాజు గ్లాసుల్లో సమానంగా పోసి, మట్టం దగ్గర స్కెచ్‌పెన్‌తో గీత పెట్టండి. ఒకదాంట్లో ఉప్పు వేయకండి, ఒకదాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి, ఒకదాన్ని పొయ్యి పక్కన ఉంచండి, నాలుగోది మామూలుగా వదలండి. గది వేడిమి, పిండి పెరిగిన ఎత్తు, పులుపును చూపే పీహెచ్ కాగితం రంగు రెండు గంటలకోసారి రాయాలి. పులిసేకొద్దీ పీహెచ్ దిగుతుంది, ఎందుకంటే సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. సాధారణంగా చెడేది ఒకటే: ఒకేసారి రెండు సంగతులు మారుస్తారు, ఫలితం దేనివల్లో తెలియదు. ఆ తప్పు రెండుసార్లు చేసిన పిల్లకు "కంట్రోల్" (పోల్చి చూడటానికి ఏదీ మార్చకుండా వదిలినది) అంటే ఏమిటో పాఠంలో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఒక హెచ్చరిక. తెలిసినవాళ్ళ ఆసుపత్రిలో "డాక్టరు గారి పక్కన నిలబడే" అవకాశం ఇప్పిస్తామనే తల్లిదండ్రులున్నారు. మంచిదే, కానీ రోగి ఒప్పుకోకుండా గదిలో ఉండకూడదు, ఫోటోలు అసలు తీయకూడదు, పిల్లల చేత సూది పట్టించకూడదు. రోగి పేరు నోటుపుస్తకంలో ఎక్కకూడదు. ఓపీలో వీల్‌ఛెయిర్ తోయడం, చీటీ రాయించుకోవడానికి ముసలివాళ్ళకు సాయపడటం వాళ్ళ వయసుకు తగిన పనులు.

సమయం ఎంత? వారానికి రెండు గంటలు. ఏడాదికి 40 వారాలు సాగితే 80 గంటలు, మూడేళ్ళకు 240. ఇంటర్‌కు వెళ్ళాక వారానికి అరగంటకు తగ్గించినా పూర్తిగా ఆపవద్దు. పరీక్షల నెలలో సెలవు ఇవ్వండి, తప్పులేదు. నాలుగు హాబీలు పెట్టకండి, ఒకటే పెట్టండి. ఆరు నెలల తర్వాత కూడా పిల్లవాడికి ఇష్టం పుట్టకపోతే మార్చండి. మనం చిన్నప్పుడు నేర్చుకోలేకపోయినది వాళ్ళ మీద రుద్దడం న్యాయం కాదు.

ప్రతి పిల్లకు ఒక 200 పేజీల రూళ్ళ పుస్తకం చాలు. తేదీ, మొదలు, ముగింపు, చేసింది, చెడింది, వచ్చేసారి మార్చేది, చూసిన పెద్దవారి సంతకం, ఈ ఏడు గడులు గీయండి. "చెడింది" గడి ఖాళీగా ఉంటే ఆ రోజు పని నిజంగా జరిగిందా అని అడగండి. వెనక నుంచి ఒకే రోజు పది వారాలు నింపిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది, సిరా రంగు ఒకటే ఉంటుంది.

శనివారం చివరి పీరియడ్‌ను దీనికే వదిలాం. మీ అబ్బాయి, అమ్మాయి ఎంచుకున్న హాబీ ఒకటి, ఇంట్లో సంతకం పెట్టేవారి పేరు డైరీలో రాసి క్లాస్ టీచరుకు పంపండి. కొయ్యపనికి వచ్చేవాళ్ళు సబ్బు, ప్లాస్టిక్ కత్తి, పాత న్యూస్‌పేపరు తెచ్చుకోవాలి. ఉలి మాత్రం ఇంటి నుంచి పంపవద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ