తెలుగు ‘తేలుగు’ అయిన వైనం

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29న మీరు వేసిన తెలుగు భాషా దినోత్సవం పేజీ మా షాపు కౌంటర్ మీద ఇంకా ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి రాస్తూ ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి పేరు కూడా వేశారు కదా, జిరాక్సులకు వచ్చిన ప్రతివాళ్లకూ చూపించాను. పెద్దవాళ్లు నిలబడి చదివారు. పిల్లలు ఫొటో చూసి తిరిగి ఇచ్చేశారు. వాళ్లకు తెలుగు చదవడం రాదు.

నాది డీటీపీ షాపు. 2003 నుంచి కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లు పెట్టి శుభలేఖలు కొడుతున్నాను, ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కొత్త సినిమా పడితే సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి చూసొస్తాం. డైలాగులు మా పిల్లలకు కంఠతా వచ్చు. బడిలో మాత్రం ఒడియా, ఇంగ్లీషు. మా అక్క కూతురు ఆరో తరగతి చదువుతోంది. వాట్సాప్‌లో తెలుగు మెసేజ్ వస్తే ఫోన్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, “మావయ్యా, ఇదేటి రాసారో చదివిపెట్టు” అని. జవాబు ఇచ్చేది ఇంగ్లీషు అక్షరాల తెలుగులో. ఆ రాతలో కళ్లు ఏవో కల్లు ఏదో దేవుడికే తెలియాలి.

ఒడియా అక్షరాలు దానికి వచ్చు కదా, తెలుగు మాటల్నే ఆ అక్షరాల్లో ఇస్తే చదువుకుంటుంది అనిపించింది. కంప్యూటర్ ప్రతి అక్షరానికీ ఒక నంబరు పెట్టుకుంటుంది. యూనికోడ్ అనే ఆ నంబర్ల పట్టికలో మన ‘క’ నంబరు 3093, ఒడియా ‘క’ నంబరు 2837. తేడా 256. మన ‘మ’ 3118, వాళ్ల ‘మ’ 2862. మళ్లీ 256. అచ్చులైనా, గుణింతాలైనా అంతే. మన లిపులన్నిటికీ అక్షరాల వరస ఒకటే కాబట్టి అన్నిటినీ ఒకే మూసలో అమర్చి ఇస్కీ అని మన దేశంలోనే ఒక పద్ధతి తయారుచేశారు. 1991లో వచ్చిన యూనికోడ్ 1988 నాటి ఆ ఇస్కీ వరసనే తీసుకుంది. ఈ సంగతి తెలిసిన రాత్రి షాపు షట్టర్ దించేసి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది లైన్లు రాశాను. తెలుగు అక్షరం కనబడితే 256 తీసెయ్, అంతే. మా మామ్మ చెప్పే కథ ఒకటి టైపు చేసి నడిపించాను. ఒడియా అక్షరాల్లో వచ్చింది! వత్తులు కూడా ఒడియా ఫాంటే తన పద్ధతిలో కట్టుకుంది. కానీ మధ్యమధ్యలో ఖాళీ డబ్బాలు.

డబ్బాలెందుకంటే ఒడియాలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. మన ఎత్వానికి ఎదురుగా వాళ్ల గడి ఖాళీ. చేసేది లేక వాటిని ఏ, ఓ లుగా మార్చాను. ‘వ’ని కూడా ‘బ’ చెయ్యాల్సి వచ్చింది, వాడుకలో వాళ్లకు రెండిటికీ ఒకే అక్షరం మరి. ళ మాత్రం వాళ్లకీ ఉంది, ణ కూడా. కళ్లు, కల్లు మళ్లీ వేరయ్యాయి.

మర్నాడు సాయంత్రం ప్రింటు తీసి మేనకోడలి చేతిలో పెట్టాను. పైన ‘తెలుగు కథ’ అని ఉంది. అది గట్టిగా “తేలుగు” అంది. మంచం మీద కూర్చున్న మామ్మ గభాలున కాళ్లు పైకి తీసేసుకుని “తేలేటే, ఎక్కడే?” అని కింద వెతకడం మొదలెట్టింది. ఆ నవ్వులో పావుగంట పోయింది. తర్వాత ‘అనగనగా’ని “ఒనొగొనొగా” అని చదివింది, ఒడియా ఉచ్చారణ అలాగే ఉంటుంది. రెండో పేరాకు వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే దిద్దుకోవడం మొదలెట్టింది. “చేరుబు” అనబోయి ఆగి, “ఓ, చెరువు!” అంది. చెవికి తెలుగు వచ్చు కదా, నోరు సర్దుకుంది. ఆ రాత్రి కథ మొత్తం మామ్మకే చదివి వినిపించింది.

రిటైరైన తెలుగు మాస్టారొకరు దీనికి నన్ను కోప్పడ్డారు. లిపి నేర్పించరా అంటే దొడ్డిదారి చూపిస్తావా అన్నారు. లిపి నేర్పొద్దని నేను అనలేదు. కానీ 1880లో మా ఊరి రాజావారి బడిలో మాస్టారుగా చేరిన గిడుగు వారు సవరలనే గిరిజనులకు వాళ్ల భాషలో వాచకాలు రాసింది తెలుగు లిపిలోనే కదా. (ఆయన పేరు మీద ‘గిడుగు’ అని యూనికోడ్ ఫాంటు ఉంది, ఉచితం. మీ ఆగస్టు పేజీ హెడ్డింగు దాంతో వేసుంటే బాగుండేది.)

ఇప్పుడు మీతో పని. కథ అయిపోయాక మా పిల్ల అడిగింది మీ ఆదివారం పిల్లల పేజీ. మీ ఈ-పేపర్ తెరిస్తే అది బొమ్మ, అక్షరం చేతికి రాదు. ఫొటో తీసి అక్షరాలు పట్టే ఆప్‌తో చూశాను. బొమ్మల చుట్టూ వంకరగా వేసిన పొడుపుకథలు దానికి అందలేదు. మిమ్మల్ని తప్పుపట్టే మొహం నాకూ లేదు. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చుంటాయి. తెర మీద తెలుగే గానీ కంప్యూటర్ లెక్కలో అదంతా అర్థంలేని ఇంగ్లీషు. ఇన్నేళ్లుగా నేను కొట్టిన శుభలేఖలన్నీ హార్డ్‌డిస్కులో అలాగే ఉన్నాయి, వెతికితే ఒక్క పెళ్లికూతురి పేరు దొరకదు. అందుకే ఈ మధ్య యూనికోడ్‌కి మారాను. చేతికి అలవాటు కావడానికి నెల పట్టింది, రెండు పెళ్లిళ్ల పని ఆలస్యమై తిట్లు కూడా తిన్నాను.

సినిమావాళ్ల సంగతి ఇంకా విడ్డూరం. ఓటీటీలో తెలుగు సినిమా పెడితే కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ దొరుకుతాయి, తెలుగులో ఉండటం అరుదు. సబ్‌టైటిల్ ఫైలంటే టైము, కింద మాట, అంతే. అది తెలుగులో ఉంటే ఒడియా అక్షరాల్లోకి మార్చడం నా పది లైన్లకు క్షణం పని. అయినా టైటిల్ కార్డుల్లో పేర్లే ఇంగ్లీషులో వేసుకునేవాళ్లను ఏమని అడుగుతాం?

మీరు పేపరంతా మార్చనక్కర్లేదు. ఆదివారం పిల్లల పేజీ ఒక్కటి, బొమ్మలు లేకపోయినా ఫర్వాలేదు, యూనికోడ్‌లో మీ సైట్‌లో పెట్టండి. మా పది లైన్లు ఎవరడిగినా ఊరికే ఇస్తాను. కిందటి వారం పొడుపుకథ నేనే చదివి వినిపించాను. జవాబు వచ్చే వారం అన్నారు, ఆ ఆదివారం బంద్ వల్ల మాకు పేపర్ రాలేదు. మా పిల్ల రోజూ అడుగుతోంది. ఈ ఉత్తరం వేసుకున్నా మానినా, ఆ జవాబు మాత్రం ఇంకోసారి వేయండి.

— ఒక డీటీపీ షాపువాడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా