కోనీ ఐలాండ్ చూసి వచ్చాక అమ్మాయికి

చి॥సౌ॥ అమ్మాయికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న మీ తమ్ముడు నన్నూ నాన్నగారినీ న్యూయార్క్‌లో సముద్రపు ఒడ్డునున్న కోనీ ఐలాండ్ అనే వినోద ప్రాంతానికి తీసుకువెళ్ళాడు. పొద్దున్నే సబ్‌వే రైలెక్కి, ఆఖరి స్టేషనైన స్టిల్‌వెల్ అవెన్యూలో దిగి కొద్ది దూరం నడిస్తే సముద్రం కనిపించింది. 1920లో సబ్‌వే ఇక్కడిదాకా వచ్చాక ఐదు సెంట్ల టికెట్టుతో కూలీనాలీ చేసుకునేవాళ్ళు సైతం పిల్లాపాపలతో రాగలిగారట. ఇన్నేళ్ళుగా ఆ తీరం సామాన్యులదిగానే ఉండటం నాకు ఎంతో నచ్చింది.

అదే ఏడాది మొదలైన వండర్ వీల్ అనే పెద్ద చక్రం ఇప్పటికీ తిరుగుతోంది. 150 అడుగుల ఎత్తున్న ఆ చక్రానికి 24 పెట్టెలుంటే, వాటిలో 16 పెట్టెలు ఒకచోట స్థిరంగా ఉండక, చక్రం తిరిగేకొద్దీ వంపు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంటాయి. మేము కదలని పెట్టెలోనే కూర్చున్నాము. పైనుంచి చూస్తే ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, మరొకవైపు ఊరంతా కనిపించాయి. 1927 నాటి సైక్లోన్ రోలర్ కోస్టర్ మాత్రం మీ తమ్ముడొక్కడే ఎక్కాడు. ఉక్కు స్తంభాల మీద చెక్క దారి పరిచి కట్టిన ఆ కోస్టర్‌ను 1970లలో పడగొట్టాలని చూస్తే, జనం పట్టుబట్టి నిలబెట్టుకున్నారట.

అయితే ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. నెలలు నిండని పసికందుల వార్డులో నువ్వు నర్సుగా పనిచేస్తున్నావు కనుక ఈ సంగతి ముందుగా నీకే చెప్పాలనిపించింది. ఇక్కడి లూనా పార్క్ అనే వినోద పార్కు 1903లో మొదలైనప్పుడు, రెండున్నర లక్షల విద్యుద్దీపాల వెలుగుల నడుమ మార్టిన్ కూనీ అనే ఆయన పసికందులను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లనే యంత్రాల్లో నెలలు నిండని పిల్లలను ఉంచి, వచ్చినవాళ్ళకు టికెట్టు పెట్టి చూపించేవాడు. వినగానే నా మనసు చివుక్కుమంది. కానీ ఆ రోజుల్లో చాలా ఆసుపత్రుల్లో అలాంటి యంత్రాలు లేవు. అలా పుట్టిన బిడ్డ బతకదని తల్లిదండ్రులు ఆశ వదులుకునే కాలమది. కూనీ వాళ్ళ దగ్గర ఒక్క సెంటు కూడా తీసుకోలేదు. సందర్శకులు ఇచ్చిన 25 సెంట్ల టికెట్టు డబ్బుతోనే నర్సుల జీతాలు, పాలిచ్చే దాదుల పోషణ, యంత్రాల ఖర్చు గడిచేవి. ఆయన సొంత కూతురు హిల్డెగార్డ్ కూడా నెలలు నిండకుండానే పుట్టి, పెద్దయ్యాక అక్కడే నర్సుగా పనిచేసింది. 1911లో పక్కనున్న డ్రీమ్‌లాండ్ పార్కు అగ్నిప్రమాదంలో కాలిపోయినప్పుడు కూడా, అక్కడి ఇంక్యుబేటర్లలో ఉన్న పసివాళ్ళందరినీ ప్రాణాలతో బయటికి తీసుకువచ్చారు.

ఆయనకు వైద్య పట్టా ఉన్నట్టు ఆధారాలు దొరకలేదని పరిశోధకులు రాశారు. అది చిన్న విషయమని నేను అనను. అయినా 1943లో మూసివేసేనాటికి ఆయన నడిపిన ప్రదర్శనల్లో సుమారు 6,500 మంది పిల్లలు బతికి బయటపడ్డారని అంచనా వేస్తున్నారు. పసిబిడ్డలను వేడుకగా చూపించడం తప్పా అని నాన్నగారు అడిగితే, బతికించే మరో దారి ఆ తల్లులకు ఎవరూ చూపించనప్పుడు తప్పుపట్టడానికి నాకు నోరు రాదన్నాను. నువ్వు రాత్రి డ్యూటీల్లో కళ్ళలో వత్తులు వేసుకుని ఆ పిల్లలకు కాపలా కాస్తావు కనుక, దీని మీద నీ అభిప్రాయం వినాలని ఉంది.

చలికాలంలో ఈ ఆటలన్నీ మూసేస్తారు కనుక, పిల్లలకు వేసవి సెలవులు ఇవ్వగానే అల్లుడుగారితో కలిసి రండి. మళ్ళీ అందరం కలిసి వెళదాం. పిల్లలు ఆ జారే పెట్టెలే ఎక్కుతామంటారు, వాళ్ళతో నువ్వు కూర్చోవాలి.

ఆశీస్సులతో,
అమ్మ